దేవయాని వాకిట అతిథి జ్యోతులు

నిలిచియుండు దీపమును చూచుటకు తీరిక యున్న చాలును. వచ్చిపోవు దీపమును చూచుటకు మెలకువ కావలయును. ఈ భేదము ఆకాశమున కెంత వర్తించునో జాతికిని అంతయే వర్తించును. మనకు పొరుగుననున్న దేవయాని నక్షత్రమండలములో అప్పుడప్పుడు తళుక్కుమని వెలిగి, కొన్ని వారములకో నెలలకో ఆరిపోవు ఎక్స్‌రే జ్యోతులను గూర్చి నేడు ప్రస్తావింపదలచితిమి. రాజకీయములకును ధరవరలకును అలవాటుపడిన ఈ పుటలో ఈ విషయమేల యని కొందఱు పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ఇది మన బొక్కసమునకును, విద్యకును, స్వాతంత్ర్యమునకును సంబంధించిన విషయమే యని తుదివఱకు చదివినవారికి తోచునని మా నమ్మకము.

కార్తిక మార్గశిర మాసములలో చంద్రుడులేని రాత్రి, పట్టణపు దీపములకు దూరముగా నిలిచి, నడినెత్తికి ఉత్తరముగా చూపు నిలిపినవారికి మసకమసకగా ఒక తెల్లని మచ్చ కానవచ్చును. క్రీ.శ. 964లో పారశీక జ్యోతిషుడు అల్ సూఫీ దానిని చిన్న మబ్బుగా వర్ణించెను. వేయి సంవత్సరములు అది మబ్బుగనే యుండెను. 1923లో ఎడ్విన్ హబుల్ అమెరికాలోని విల్సన్ పర్వతముమీది 100 అంగుళముల దూరదర్శినితో దానిలో హెచ్చుతగ్గుల వెలుగుగల నక్షత్రము నొకదానిని గుర్తించి దూరము లెక్కింపగా, అది మన పాలపుంతకు వెలుపలనున్న వేఱొక మహామండలమని తేలెను. నేటి లెక్క ప్రకారము అది 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. వట్టికంటితో మానవుడు చూడగల అతిదూర వస్తువులలో నది యొకటి. దానినే శాస్త్రజ్ఞులు జాబితా సంఖ్యనుబట్టి ఎమ్ 31 అని వ్యవహరింతురు.

మనము చూచునది దాని వెలుగులో ఒక భాగము మాత్రమే. కోట్ల డిగ్రీల వేడిమికి కాగిన వాయువు ఎక్స్‌కిరణములను వెదజల్లును. ఆ కిరణములు మన వాయుమండలమును దాటి నేలకు రావు. ప్రాణులకు అది మేలే. కాని జిజ్ఞాసువునకు అది అడ్డుగోడ. ఆ గోడకు పైగా తొంగిచూచినది 1962 జూన్ 18వ తేదీన. రికార్డో జకోనీయు ఆయన సహచరులును చంద్రునినుండి ఎక్స్‌కిరణములు వచ్చునేమో యని రాకెట్టుతో పరికరమును పైకి పంపగా, చంద్రునికి బదులు వృశ్చికరాశిలో ఎవ్వరును ఎదురుచూడని ప్రచండ జ్యోతి యొకటి కనబడెను. వెదకినది ఒకటి, దొరకినది వేఱొకటి. ఈ విద్యకు పునాది వేసినందులకు 2002లో జకోనీకి నోబెల్ బహుమానము లభించెను.

ఎక్స్‌కిరణములకొఱకే నిర్మింపబడిన మొదటి ఉపగ్రహము 1970 డిసెంబరు 12వ తేదీన ఆఫ్రికాలోని కెన్యా తీరమునుండి ఎగిరెను. అది కెన్యా స్వాతంత్ర్య దినము. ఉపగ్రహము అమెరికావారిదే యైనను దానికి ‘ఉహూరు’ అని పేరిడిరి. స్వాహిలీ భాషలో ఆ మాటకు స్వేచ్ఛ యని యర్థము. ఒక నూతన విద్యకు తొలి కన్ను, బానిసత్వమునుండి బయటపడిన యొక జాతి పలుకుబడిని పేరుగా ధరించి ఆకాశమునకు పోయిన దనుట మనబోటివారు మఱవరాని సంగతి.

ఇక ఆ అతిథి జ్యోతుల తీరు విన్నవింతుము. కొన్నిచోట్ల రెండు నక్షత్రములు జంటగా తిరుగుచుండును. అందొకటి ఆయువు తీరి, కుదించుకొనిపోయి, న్యూట్రాన్ తారగనో కృష్ణబిలముగనో మారియుండును. రెండవది ఇంకను బ్రతికియున్న సామాన్య తార. ఈ రెండవదాని వాయువును మొదటిది లాగుకొనును. ఆ వాయువు నేరుగా పడక, సుడితిరుగుచు పళ్ళెమువలె చుట్టును పేరుకొనును. ఏండ్లు, ఒక్కొక్కచోట దశాబ్దములు, నిశ్శబ్దముగా ఈ సంచయము జరుగును. ఒక పరిమితి మీఱినంతనే పళ్ళెము వేడెక్కి, వాయుకణములు విచ్చుకొని, పేరుకొన్నదంతయు ఒక్కుమ్మడిగా లోనికి దూకును. చినుకుచినుకుగా నిండిన చెఱువు ఒకనాడు గట్టు తెంచుకొన్నట్లు, కొలది దినములలో ఆ జంట వేలకొలది రెట్లు ప్రకాశించి, పిదప మెల్లమెల్లగా నీరసించి మరల చీకటిలో కలిసిపోవును. కృష్ణబిలమునకు స్వతహాగా వెలుగు లేదు. ఈ ఉబుకుబాటు లేనిచో అనేక కృష్ణబిలములు ఉన్నట్లే మనకు తెలియదు.

అట్లైన మన పాలపుంతను విడిచి పొరుగింటికి పోనేల? ప్రశ్న సమంజసమే. మన యింట మనము నడుమ కూర్చుండి చూచుచున్నాము. ధూళి అడ్డము వచ్చును. ఏ జ్యోతి ఎంత దూరమున నున్నదో నిర్ణయించుట దుస్సాధ్యము. దూరము తెలియనిదే అసలు ప్రకాశము తెలియదు. మిణుగురు పురుగు దగ్గఱనున్న దీపమువలెను, కాగడా దూరమునున్న మిణుగురువలెను తోచును. దేవయానిలోని జ్యోతులన్నియు మనకు ఇంచుమించు ఒకే దూరమున నున్నవి. వానిలో ఏది పెద్దదో ఏది చిన్నదో పక్కపక్కను నిలిపి తూచవచ్చును. ఒక్క చూపులో ఒక మహామండలపు జనాభా లెక్క తీయవచ్చును. దీనికి మూల్యము లేకపోలేదు. మన పాలపుంత కేంద్రముకంటె దేవయాని నూఱంతల దూరమున నున్నది. కావున అక్కడి జ్యోతి మనకు పదివేలంతలు మసకగా తోచును. అందులకే సునిశితమైన కన్ను కావలయును.

ఇట్టి కన్నులు 1978లో ఐన్‌స్టైన్, 1990లో రోసాట్, 1999లో చంద్ర, ఎక్స్‌ఎమ్‌ఎమ్-న్యూటన్ అను పేర్లతో ఆకాశమున కెగిరెను. వాని మూలమున దేవయానిలో వందలకొలది ఎక్స్‌రే మూలములు లెక్కకు వచ్చినవి. 2009 డిసెంబరులో ఆ మండలపు నడిబొడ్డున, అంతకుముందు ఏమియు లేని తావున, ఒక జ్యోతి పుట్టెను. 2012 జనవరిలో మఱియొకటి పుట్టెను. ఈ రెండవదాని ఎక్స్‌కిరణ ప్రకాశమే మన సూర్యుని వెలుగంతటికంటె రెండు లక్షల రెట్లు మించెను. దానినుండి వెలువడిన రేడియో తరంగములు నిమిషముల వ్యవధిలో హెచ్చుతగ్గులు పొందుట చూచి, అది సూర్యునికి సుమారు పదింతల బరువుగల సామాన్య కృష్ణబిలమేయనియు, తాను మ్రింగగల హద్దువఱకు మ్రింగి ధారలు చిమ్ముచున్నదనియు పండితులు 2013లో ప్రకటించిరి. ఇట్టి అతిప్రకాశ జ్యోతులన్నియు మహాకాయములయిన కృష్ణబిలములై యుండవలయునేమో యను వాదమునకు దీనివలన గట్టి సమాధానము దొరకెను. ఆ దినములలో ఎవ్వరును చూడకున్నచో ఆ సమాధానమును లేదు.

మఱియొక అతిథి మన హృదయమునకు మఱింత దగ్గఱివాడు. 2008 డిసెంబరులో జపాను దేశపు ఔత్సాహికులు దేవయానిలో ఒక నవ్యతారను కనుగొనిరి. అది ఇంచుమించు ఏటేట పేలుచున్నదని 2013 నాటికి స్థిరపడెను. శ్వేత వామనతార యొకటి పొరుగుతార వాయువును పైన పేర్చుకొని, ఏడాదికొకమాఱు దానిని కాల్చి విసరివేయుచున్నది. పేలిన ఆరవ దినమున మృదువైన ఎక్స్‌కిరణములు పైకి వచ్చును; పందొమ్మిదవ దినము నాటికి అణగిపోవును. ఉన్నది రెండు వారముల గడువు! పాత దస్త్రములు తిరుగవేయగా 1992, 1993, 2001 సంవత్సరములలోను ఉపగ్రహములు దానిని చూచియే యున్నవనియు, ఎవ్వరును గుర్తింపలేదనియు తేలెను. ఆ తార బరువు సూర్యునికి సుమారు 1.38 రెట్లు. శ్వేత వామనతార మోయగల బరువునకు హద్దు సుమారు 1.4 రెట్లు. ఆ హద్దును తొలుత గణించినవాడు మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1930లో పందొమ్మిదేండ్ల ప్రాయమున ఓడపై ఇంగ్లండుకు పోవుచుండిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1935లో లండనులో ఎడింగ్టన్ మహాశయుడు నిండుసభలో ఆ గణితమును పరిహసించెను. 1983లో నోబెల్ బహుమానము ఆ గణితమునకు మ్రొక్కెను. దేవయానిలోని ఆ తార 20 వేల ఏండ్లలోపుగా చంద్రశేఖరుని హద్దును చేరునని పండితుల అంచనా. ఓడమీది తెల్లకాగితముపై మన బాలకుడు గీచిన గీటును, 25 లక్షల కాంతి సంవత్సరముల ఆవల ఒక నక్షత్రము సమీపించుచున్నది.

అమెరికావారి ఎక్స్‌రే దూరదర్శినికి చంద్ర యను పేరు ఆయనదే. ఆ పేరు వినినంతనే మనవారి ఛాతీ పొంగును. పొంగవలసినదే. కాని పేరు మనది, అద్దము వారిది అను సంగతి మఱవరాదు. కీర్తిలో వాటా పేరువలన రాదు, పనివలన వచ్చును.

అట్లని మనము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తెలుగుదేశమునందే 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణమున సొంత ధనముతో వేధశాల నెలకొల్పెను. హైదరాబాదులో 1901లో నిజామియా వేధశాల వెలసెను. టాటా సంస్థవారు 1960 దశకపు చివరి యేండ్లలో హైదరాబాదునుండియే పెద్ద పెద్ద గుమ్మటములకు పరికరములు కట్టి, వాయుమండలపు అంచునకు పంపి ఎక్స్‌కిరణములను కొలిచిరి. ఆ కాలముననే తుంబానుండి రాకెట్టు లెగురవేసి మన శాస్త్రజ్ఞులు వృశ్చిక జ్యోతిని, 1967లో క్రొత్తగా కానవచ్చిన కిన్నరరాశి అతిథిజ్యోతిని పరిశీలించి 1969లో ఫలితములు ప్రకటించిరి. అనగా ఈ అతిథులను గూర్చిన విద్య పుట్టిననాడే మనవారు దాని పురిటింట నున్నారు.

1975 ఏప్రిల్ 19వ తేదీన ఎగిరిన ఆర్యభట ఉపగ్రహము ఎక్స్‌రే పరికరమును మోసికొనిపోయెను. కొలది దినములకే విద్యుచ్ఛక్తి లోపించి ప్రయోగములు నిలిచిపోయెను. ఆ యేడు ఆగస్టు 3వ తేదీన ఆకాశమున, అంతవఱకు ఎఱుగని తేజస్సుతో, ఒక ఎక్స్‌రే అతిథి వచ్చి కొన్ని నెలలు వెలిగెను. బ్రిటిషువారి ఏరియల్-5 దానిని పట్టుకొనెను. హార్వర్డు వేధశాలలోని పాత ఫలకములు వెదకగా 1917లోను అది వెలిగినట్లు కనబడెను. 1986లో దాని బరువు కొలిచి కృష్ణబిలమని నిర్ణయించిరి. ఆ అతిథి వచ్చిన వేళకు మన పరికరము మూగవోయియుండెను. దీనికి ఎవ్వరిని నిందింపలేము. తొలి అడుగున తడబాటు సహజము. కాని ఆకాశము మన తడబాటు తీఱువఱకు ఆగదు. ఏబదియెనిమిదేండ్లకొకమాఱు వచ్చిన అతిథి అది.

నలువదియేండ్ల తరువాత, 2015 సెప్టెంబరు 28వ తేదీన, శ్రీహరికోటనుండి ఆస్ట్రోశాట్ ఎగిరెను. అయిదేండ్లకని పంపిన ఆ ఉపగ్రహమునకు 2025 సెప్టెంబరుతో పదియేండ్లు నిండెను. అతినీలలోహిత కాంతినుండి కఠిన ఎక్స్‌కిరణములవఱకు ఏకకాలమున చూడగల పరికరములు, అతిథి జ్యోతులకై ఆకాశమును గాలించు పరికరమును అందు కూర్చిరి. కెనడా విద్వాంసులు మన ఉపగ్రహములోని అతినీలలోహిత దూరదర్శినితో దేవయానిని ఖండఖండములుగా చిత్రించి 2020లో జాబితా ప్రకటించిరి. లడఖునందలి హాన్లేలో, 4,500 మీటర్ల యెత్తున, మన దూరదర్శినులు దేవయానిలోని నవ్యతారలను వెంటాడినవి. కేనరీ దీవులలో పగలైనప్పుడు, ఆస్ట్రేలియా తూర్పుతీరమున తెల్లవాఱినప్పుడు, ఆ మండలముపై నిలుపదగిన కన్నులలో హాన్లేలోని మనదియు నొకటి.

ఇంత చేసియు లోటెక్కడ? అద్దములో నున్నది. ఎక్స్‌కిరణము మామూలు అద్దముపై నేరుగా పడినచో ప్రతిఫలింపక లోనికి దిగిపోవును. చెఱువునీటిపై ఏటవాలుగా విసరిన పెంకు ఎగురుచు పోవునట్లు, మిక్కిలి వాలుగా తగిలిననే అది మఱలును. కావున అద్దములను గొట్టములవలె చుట్టి, ఒకదానిలో నొకటి ఇమిడ్చి, అణువులంత నునుపు దేల్చవలయును. మన ఆస్ట్రోశాట్ మృదుకిరణ దూరదర్శినికి బంగారుపూత పూసిన రేకు అద్దములను టాటా సంస్థలోనే చేసికొనిరి. అది గర్వింపదగిన పనియే. కాని దాని చూపు వాడి రెండు కలల పరిమాణము. చంద్ర చూపు వాడి అరవికల. పది కిలోమీటర్ల దూరమున చంద్ర రెండున్నర సెంటీమీటర్ల బిళ్ళను వేఱుచేయగలిగినచో, మనది ఆరు మీటర్ల గదిని వేఱుచేయును. దేవయాని నడిబొడ్డున జ్యోతులు గుంపుగా నున్నవి. అచ్చట క్రొత్తగా వెలిగినది ఏదియో మన అద్దము చెప్పజాలదు. 2024 జనవరి 1వ తేదీన పంపిన ఎక్స్‌పోశాట్ ప్రకాశవంతములైన మూలముల కిరణముల తీరును కొలుచుటకు తగినదిగాని దూరపు మసక జ్యోతులకు తగినది కాదు. అది యెగిరిన ఎనిమిది దినములకు, జనవరి 9వ తేదీన, చైనావారు ఎండ్రరొయ్య కంటి నిర్మాణమును అనుకరించి చేసిన అద్దములతో, అతిథి జ్యోతులకొఱకే యొక ఉపగ్రహమును పంపిరి. పొరుగువారి ప్రయత్నమును చూచి ఈర్ష్య పడుట తగదు, సిగ్గుపడకుండుటయు తగదు.

మా మిత్రులు కొందఱు ఇట్లందురు: “గ్రామమున త్రాగునీరు లేదు, బడికి పైకప్పు లేదు, దేవయానిలో దీపమారిన మనకేమి?” ఈ ప్రశ్న వేయువారి హృదయమును మేము గౌరవింతుము. లెక్క చూతము. ఆస్ట్రోశాట్‌కు అయిన వ్యయము సుమారు 178 కోట్ల రూపాయలు. 140 కోట్ల ప్రజకు పంచినచో తలకు రూపాయి పావలా మాత్రము. ఈ రూపాయి పావలా మిగిల్చినంతమాత్రమున త్రాగునీరు రాదు; నీరు రాకపోవుటకు కారణములు వేఱు, వానిని ఈ పత్రిక వేఱుగా ప్రశ్నించుచునే యుండును. దరిద్రునికి విద్య విలాసమని మనలను పాలించినవారు చెప్పుచుండిరి. ఆ మాటను మనవారి నోట వినుట మాకు బాధాకరము. ఈ పరిశోధనవలన వైద్యమునకును, రేవులలో సరుకుల తనిఖీకిని పనికివచ్చు పరికరములు పుట్టునని చెప్పి వాదము గెలువవచ్చును, అది సత్యమే. కాని లాభము చూపి జిజ్ఞాసను అమ్ముట మాకు సమ్మతము కాదు. మన రక్తములోని ఇనుము పేలిపోయిన నక్షత్రములలో పుట్టినది. తన నెత్తురు పుట్టుక తెలిసికొనగోరుట మనుష్యజాతికి విలాసము కాదు.

మఱికొందఱు మఱియొక తీరున వాదింతురు: విజ్ఞానమునకు సరిహద్దులు లేవు, ఇతరుల దస్త్రములు అందఱికిని తెఱచియే యున్నవి, మనము అద్దము చేయనేల యని. విజ్ఞానమునకు సరిహద్దులు లేవు, నిజమే; వ్యయపట్టికలకు మాత్రము ఉన్నవి. 2024లో అమెరికా ప్రభుత్వపు వ్యయపట్టికలో చంద్ర నిర్వహణకు సొమ్ము బాగుగా తగ్గింప ప్రతిపాదింపగా ఖగోళజ్ఞులెల్లరు ఆందోళన పడిరి. ఒక్క దేశపు ఖజానా అధికారి కలముపై లోకమంతటి చూపు ఆధారపడియుండుట క్షేమము కాదు. అతిథి జ్యోతుల విషయమున ఈ చిక్కు మఱింత తీవ్రము. రెండు వారములలో ఆరిపోవుదానికి, పరుల దూరదర్శినిపై గంటలు వేడుకొనుచు విజ్ఞప్తులు వ్రాసి కూర్చుండువాడు, దీపమారిన పిమ్మట నూనె తెచ్చినవాడగును. తనకొక పరికరమున్నవాడే ఇతరులకు సాయపడును, ఇతరుల సాయమును గౌరవముతో స్వీకరించును. కెనడావారు మనకడకు వచ్చుట ఇందులకు నిదర్శనము.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, దేవయానివంటి పొరుగు మండలములలో జ్యోతిని జ్యోతినుండి వేఱుచేయగల వాడియైన ఎక్స్‌రే అద్దమును మన దేశముననే చేయుటకు దీర్ఘకాలిక సంకల్పము. చంద్ర దూరదర్శినిని 1976లో ప్రతిపాదించిరి, 1999లో ఎగురవేసిరి. ఇరువదిమూడేండ్ల ఓర్పు అది. మంత్రివర్గములు మాఱినను మాఱని సంకల్పము లేనిదే ఈ పని కాదు. రెండవది, ఆస్ట్రోశాట్ సేకరించిన దస్త్రములు లోకమునకు తెఱచియున్నవి. వానిని మన జిల్లా కళాశాలల విద్యార్థులు తెఱచి చూచునట్లు ఉపాధ్యాయులను తరిఫీదు చేయుట. 1992 నాటి దస్త్రములో ఇరువదేండ్లు నిద్రించిన నవ్యతార కథ మఱవవలదు. మన దస్త్రములలో నేమి నిద్రించుచున్నదో, కర్నూలులోనో కరీంనగరములోనో కూర్చున్న విద్యార్థి కంట బడవచ్చును. మూడవది, ఈ విద్యను తెలుగులో చెప్పుట. శ్రీహరికోట మన నేలపై నున్నది. అచ్చటనుండి ఎగిరినదేమో, చూచినదేమో మన పఠనమందిరములలో మన భాషలో దొరకకుండుట మనకు తలవంపు. ఇందులకు ప్రభుత్వమునే నిందింప నక్కఱలేదు. గ్రంథాలయములు, కళాశాలలు, పత్రికలు తలచిన చాలును.

జపాను ఔత్సాహికులు తమ సొంత వేడుకతో ఆకాశమును చూచుచుండిరి కావుననే ఏటేట పేలు తార లోకమునకు తెలిసెను. మెలకువ యనునది ధనముకంటె ముందు కావలసిన మూలధనము. దేవయానినుండి నేడు మనకు చేరు కిరణము 25 లక్షల ఏండ్ల క్రిందట బయలుదేరినది. అంత దూరమునుండి వచ్చు అతిథికి వాకిట దీపము పెట్టి, తలుపు తెఱచి, మేలుకొనియుండుట గృహస్థధర్మము. స్వతంత్ర జాతికి అట్టి గృహస్థధర్మము ఉన్నదని మేము విశ్వసించుచున్నాము.